మిషన్ వెనక కుర్చీ

చలిని తయారుచేయగల మనిషిని నేనెరుగుదును. మాటవరసకి చెప్పడం లేదు. చేతిలో ఒక స్క్రూడ్రైవరు, భుజాన గుడ్డసంచి, చెవి వెనక పెన్సిలు ముక్క, అంతే సరంజామా. ఉడికిపోతున్న గదిలో కూడా చిటికెలో చలి పుట్టించేవాడు. ఒకసారి మిల్లు వాకిట్లో పాడైన మిషన్‌ని బాగుచేసి తలుపు తెరిచాడు చూడండి, ఎదురుగా పడుకున్న పిల్లి తుమ్ముకుంటూ లేచిపోయింది. దాని మీసాలకి మంచు పట్టిందని వాచ్‌మన్ అంటాడు. మంచు నేను చూడలేదు గానీ తుమ్ము మాత్రం చెవులారా విన్నాను.

అతన్ని అందరూ ఐసుబాబాయ్ అనేవాళ్లు. అతని భార్య కాబట్టి ఆవిడ అందరికీ పిన్ని. అసలు పేర్లు పెళ్లిశుభలేఖలో అచ్చయ్యాక మళ్లీ ఎవరూ వాడలేదు. వాడక తుప్పుపట్టిపోయాయి.

స్టేషన్లలో, మిల్లుల్లో, ఆస్పత్రుల్లో అద్దాల మిషన్లుంటాయి చూడండి, నాణెం వేసి మీట నొక్కితే చల్లటి సీసా దబ్బున కిందపడుతుంది. వాటికి జబ్బు చేస్తే బాబాయే వైద్యుడు. వాటిలో సరుకు నింపేది పిన్ని తమ్ముడు. అంటే బాబాయ్‌కి స్వయానా బావమరిది. వ్యాన్ నిండా సీసాల పెట్టెలు వేసుకుని ఊరంతా తిరిగేవాడు. ఒకడు నింపడం, ఇంకొకడు చల్లబరచడం. ఇద్దరికీ రోజూ తగువే, అదీ ఒక్క విషయం మీదే. ఎండలో నిలబెట్టిన వ్యాన్‌లో కాగిపోయిన సీసాల్ని తెచ్చి బావమరిది ఒక్క ఊపున మిషన్ నిండా కుక్కేసేవాడు.

“ఒరే, ఎవరో తరుముతున్నట్టు ఆ తొందరేమిట్రా? సగం నింపు. అవి చల్లబడ్డాక మిగతా సగం నింపు. కాగే సీసాలన్నీ ఒకేసారి కుక్కితే అది ఎలా మోస్తుందిరా?”

“మోయలేకపోతే నువ్వున్నావుగా బావా. అది పాడవ్వకపోతే నీకు పనెక్కడిది? నీ ఇంట్లో పొయ్యి వెలుగుతోందంటే నా చలవే.”

“నీ మొహం చలవ. తలుపు అంతసేపు బార్లా తెరిచిపెట్టకు. చెమ్మగాలి లోపలికి దూరి మంచు కట్టుకుపోతుంది.”

“మా అక్కని నీకిచ్చి చేసేటప్పుడు ఇన్ని షరతులు పెట్టలేదే మేము!”

ఆ అక్క, అంటే మన పిన్ని, ఇంటి ముందు గదిలో ఇస్త్రీ చేసేది. చొక్కా కాలరు మీద ఆవిడ పెట్టె ఒకసారి పోయిందంటే ఆ చొక్కా తొడుక్కున్న మనిషి ఒక అంగుళం పొడుగయ్యేవాడు. మొగుడి గొప్పలు వింటూ, ఊఁ కొడుతూ, మధ్యమధ్యలో వాటికి కూడా ఇస్త్రీ చేసేది.

“ఇవాళ స్టేషన్‌లో చలి ఎలా పుట్టించాననుకున్నావే!”

“పుట్టించావులే. ముందు ఆ చొక్కా విప్పు, చెమట కంపు కొడుతున్నావు. చలి పుట్టించే మనిషికి చెమటెందుకు పడుతుందో నాకెప్పుడూ అర్థం కాదు.”

ఇలా సాగుతున్న సంసారంలో పిన్నికి కడుపులో నొప్పి మొదలైంది. అజీర్తి అనుకుంది, అలసట అనుకుంది, చివరికి ఆస్పత్రికి వెళితే గడ్డ అన్నారు. కోసి తీసేశారు. అది మళ్లీ చిగురు వేయకుండా విడతలు విడతలుగా ఒక మందు నరంలోకి ఎక్కించాలన్నారు. విడతలన్నీ వరసగా పూర్తిచేయాలి, మధ్యలో మానేస్తే మాత్రం ఎక్కించిందంతా వృథా అని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

మొదటి విడత ఎక్కించినరోజు నర్సమ్మ బాబాయ్‌ని పక్కకి పిలిచింది.

“బాబాయ్, ఈ మందుతో ఒక చిక్కుంది. పిన్నికి చలి తగలకూడదు. చల్లటివి తాగకూడదు, చల్లటివి ముట్టుకోకూడదు, చల్లగాలి పీల్చకూడదు. కొన్నాళ్లు వేళ్లలో సూదులు గుచ్చినట్టుంటుంది. గొంతు పట్టేసినట్టవుతుంది. ప్రాణానికేం కాదు గానీ భయపడిపోతారు. మీరు ఏం పని చేస్తారు?”

పక్కనే ఉన్న బావమరిది అందుకున్నాడు. “చలి పుట్టిస్తాడమ్మా,” అన్నాడు. నవ్వుతాడేమోనని బావ మొహంలోకి చూశాడు. బావ నవ్వలేదు.

ఇంటికొచ్చాక నర్సమ్మ చెప్పినదంతా జరిగింది. పొద్దున్నే స్టీలు గ్లాసు పట్టుకోబోయి పిన్ని కెవ్వున అరిచి వదిలేసింది. నీళ్లు గదంతా పాకాయి. తడి గుడ్డ ముట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోయేవి. తలుపు గొళ్లెం తీయాలన్నా చీరకొంగు చుట్టుకునేది. ఒక సాయంత్రం బాబాయ్ ఏదో మిషన్ లోపల చేతులు పెట్టి పనిచేసి, అదే చేతులతో ఇంటికొచ్చి, జ్వరముందేమోనని ఆవిడ నుదుటి మీద చెయ్యి వేశాడు. ఆవిడ వెనక్కి జరిగింది. జరిగాక తనే నొచ్చుకుంది.

“నీ మీద కోపంతో కాదయ్యా. చెయ్యి… చెయ్యి చురుక్కుమంది.”

ఆ రోజునుంచి బాబాయ్ ఇంటికి రాగానే ముందు గదిలో ఆగిపోయేవాడు. ఇస్త్రీపెట్టె వేడిచేసి, దాని మీద అరచేతులు కాస్త ఎత్తులో పట్టుకుని, రెండువైపులా తిప్పి తిప్పి కాచుకుని, అప్పుడు లోపలికి వెళ్లి భార్య చెయ్యి పట్టుకునేవాడు. లోపల్నుంచి పిన్ని కేకేసేది. “ఏమయ్యా, అటూ ఇటూ సమంగా కాల్చు, ఒకవైపే మాడ్చుకోకు!”

అసలు గండం రెండో విడతలో వచ్చింది. మందు ఎక్కించే హాలు పెద్దది, వరసగా వాలుకుర్చీలు, పైనుంచి ఏసీ. పిన్నికి రెండు దుప్పట్లు కప్పారు, కాళ్లకి మేజోళ్లు తొడిగారు. ఒళ్లంతా వెచ్చగానే ఉంది. కానీ పీల్చే గాలికి దుప్పటి కప్పలేం కదా! సగం మందు ఎక్కేసరికి ఆవిడ గొంతు పట్టేసింది. ఊపిరాడుతూనే ఉంది, ఆడటం లేదనిపిస్తోంది. కళ్లు పెద్దవిచేసి, సూది ఉన్న చేతిని రెండో చేత్తో పట్టుకుని లాగేయబోయింది. నర్సమ్మ పరుగున వచ్చి, గోరువెచ్చటి నీళ్లు తాగించి, మూతికి తువ్వాలు చుట్టి, ఎలాగో ఆ పూట గట్టెక్కించింది.

ఇంటికొచ్చి పడుకుని పిన్ని గోడవైపు తిరిగింది.

“నేనింక వెళ్లనయ్యా.”

“డాక్టరమ్మ ఏమందో విన్నావుగా. మధ్యలో మానేస్తే…”

“విన్నాను. నీకు తెలీదు. నీళ్లలో ముంచి పట్టుకున్నట్టుంటుంది. నేనింక వెళ్లను. నన్ను బతిమాలకు.”

బాబాయ్ బతిమాలలేదు. బతిమాలడం అతనికి రాదు. పాడైన వస్తువు ఎదుట కూర్చుని ఎక్కడ పాడైందో వెతకడం ఒక్కటే అతనికి వచ్చు. మర్నాడు పనెగ్గొట్టి ఒక్కడూ ఆ హాలుకి వెళ్లి, గుమ్మంలో నిలబడి, ఏసీ గాలి ఏ కుర్చీ మీద ఎంత పడుతోందో చెయ్యి చాచి చూస్తూ తిరిగాడు. అన్ని కుర్చీల దగ్గరా అంతే. హాలు మూలన తోడుగా వచ్చినవాళ్ల కోసం పెట్టిన సీసాల మిషన్ ఉంది. తను ఎన్నిసార్లో బాగుచేసినదే. దాని పక్కకి వెళ్లేసరికి చీలమండకి వెచ్చగా ఏదో తగిలింది. బాబాయ్ ఆగిపోయాడు. వంగి, మిషన్‌కీ గోడకీ మధ్య సందులో చెయ్యి పెట్టాడు. తర్వాత గుడ్డసంచి కిందపెట్టి, నేల మీద చతికిలపడి, నర్సమ్మ వచ్చి భుజం తట్టేదాకా అలాగే కూర్చున్నాడు.

“నర్సమ్మా, ఈ మిషన్‌ని గోడకి మరీ ఆనించేశారు. దీనికి ఊపిరాడటం లేదు. కాస్త ముందుకి లాగి, ఏటవాలుగా పెడతాను.”

“పెట్టండి, మీ మిషనేగా.”

“వెనక ఒక కుర్చీ పట్టేంత చోటు మిగులుతుంది.”

నర్సమ్మ అతని మొహంలోకి చూసింది. తర్వాత మిషన్ వెనక్కి వెళ్లి తనూ చెయ్యి పెట్టి చూసింది. “కుర్చీకి చక్రాలున్నాయి బాబాయ్. ఎటు కావాలంటే అటు తోసుకోవచ్చు. మందు స్టాండుకి కూడా చక్రాలే,” అంది.

పిన్నిని ఒప్పించింది బాబాయ్ కాదు, తమ్ముడు. “ఒక్కసారి వచ్చి చూడక్కా. బాగోలేకపోతే నేనే ఆ సూది పీకి, నా వ్యాన్‌లో సీసాల పక్కన కూర్చోబెట్టి తీసుకొచ్చేస్తాను. బావ అడ్డమొస్తే ఆయన్ని ఒక పెట్టెలో పెట్టి మూతేస్తాను.” ఆవిడ నవ్వినందుకు వెళ్లాల్సి వచ్చింది.

అలా మూడో విడత మిషన్ వెనక జరిగింది. మూడువైపులా గోడ, గోడ, మిషన్ వీపు. నాలుగోవైపు నర్సమ్మ ఒక దుప్పటి తెరలా కట్టింది. మిషన్ అడుగునుంచి వచ్చే వెచ్చటిగాలి పిన్ని కాళ్లని తాకి, ఒడిలోంచి పాకి, మొహం దాకా వచ్చేది. ఆవిడ మూతి మీది తువ్వాలు నెమ్మదిగా కిందికి జార్చింది. ఒక ఊపిరి పీల్చింది. ఆగింది. ఇంకొకటి పీల్చింది.

“ఏమయ్యా.”

“ఊఁ.”

“నువ్వు చలి తయారుచేస్తావు కదా. మరి ఇక్కడ వేడెందుకు వస్తోంది?”

ఇన్నేళ్ల కాపురంలో ఆవిడ అతని పని గురించి అడిగిన మొదటి ప్రశ్న అది. బాబాయ్ బుర్ర గోక్కున్నాడు. ఇక ఇక్కడ మొదట్లో నేను కొట్టిన డబ్బా కూడా చిట్లిపోతుంది, కాబట్టి మీరూ నవ్వుకోండి, నాకేం నామోషీ లేదు.

“చలిని ఎవరూ తయారుచేయలేరే,” అన్నాడు బాబాయ్. “చలి అనేది వస్తువే కాదు. వేడి ఉంటుంది, లేదా వేడి పోయి ఉంటుంది. అంతే.”

“మరి ఇన్నాళ్లూ ‘పుట్టించాను, పుట్టించాను’ అని…”

“గొప్పకి అనేవాణ్ణి. విను. ఇంజక్షన్ ముందు నర్సమ్మ దూదితో స్పిరిట్ రాస్తే చెయ్యి జిల్లుమంటుందా లేదా? ఆ స్పిరిట్ చల్లటిదేం కాదు. ఆవిరైపోతూ నీ చేతి వేడిని ఎత్తుకుపోతుంది. ఈ మిషన్‌లోనూ ఒక గ్యాసుంది. లోపల అద్దాల వెనక ఒక గొట్టాల చుట్ట ఉంటుంది. అందులో ఆ గ్యాసు నీరులా వచ్చి, మరిగి, ఆవిరవుతుంది.”

“చల్లటి చోట మరుగుతుందా? నీ కోతలు మళ్లీ మొదలా!”

“ఒట్టు. దానికి మరగడానికి పొయ్యి అక్కర్లేదు. సీసాల్లో ఉన్న పాటి వేడి చాలు. ఆ వేడి లాక్కుని ఆవిరవుతుంది. సీసాలు చల్లబడతాయి. ఇప్పుడు ఆ ఆవిరి వేడి మోసుకుని ఉంది కదా, దాన్ని ఎక్కడో దించాలి. కింద ఉన్న కంప్రెసర్ దాన్ని పీల్చి, గట్టిగా నొక్కుతుంది. సైకిల్‌కి గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు కాలుతుంది చూడు, అలా నొక్కిన కొద్దీ ఇంకా వేడెక్కుతుంది. ఆ వేడి గ్యాసు వెనకవైపు ఈ గొట్టాల్లోకి వస్తుంది. ఫ్యాను దాని మీద గాలి విసురుతుంది. ఆ గాలే నీకు తగులుతోంది. బరువు దింపుకున్న గ్యాసు మళ్లీ నీరై, వెంట్రుకంత సన్నటి రాగి గొట్టంలో ఇరుక్కుని దూరి, అవతల పడేసరికి ఒత్తిడి తగ్గి చల్లబడి, మళ్లీ వేడి ఎత్తుకోడానికి లోపలికి పోతుంది. అలా తిరుగుతూనే ఉంటుంది.”

పిన్ని కాళ్ల దగ్గర గాలిని వేళ్లతో తడిమింది.

“అయితే ఇది ఆ సీసాల్లో ఉన్న వేడా?”

“అదే. దానికి కంప్రెసర్ పడ్డ ఆయాసం కూడా కలుపుకో.”

“అయితే నువ్వు చలి పుట్టించేవాడివి కాదన్నమాట. వేడి మోసే కూలీవి.”

“కూలీల మేస్త్రీని,” అన్నాడు బాబాయ్. ఆ విడత మందు దాదాపు పూర్తయ్యేదాకా ఇద్దరూ ఆ మేస్త్రీతనం మీదే తగువులాడుకున్నారు.

దాదాపు అని ఎందుకన్నానంటే, చివర్లో ఒక చిక్కొచ్చింది. సీసాలన్నీ తగినంత చల్లబడగానే మిషన్‌లోని థర్మోస్టాట్ టక్కుమని కంప్రెసర్‌ని ఆపేసింది. లోపల మోయడానికి వేడి లేకపోతే వెనక దించడానికేం ఉంటుంది? గాలి ఆగింది. ఏసీ చలి తెర కింద నుంచి పాక్కుంటూ వచ్చింది. పిన్ని తువ్వాలు మళ్లీ మూతికి అడ్డం పెట్టుకుంది.

ఆ సాయంత్రం బాబాయ్ బావమరిది ఇంటికి వెళ్లి గుమ్మంలోనే నిలబడ్డాడు.

“ఒరే, నీతో ఒక పనుంది.”

“చెప్పు బావా.”

“వచ్చే విడత రోజున నీ వ్యాన్‌ని పొద్దున్నుంచీ ఎండలో పెట్టు. నీడకి జరపకు. సీసాలు బాగా కాగాలి. ముందు సగం తెచ్చి నింపు. అవి చల్లబడే వేళకి మిగతా సగం తెచ్చి కుక్కు.”

బావమరిది చెవులు రిక్కించాడు. “ఏంటీ? మళ్లీ చెప్పు. కాగిన సీసాలు… కుక్కమన్నావా? నువ్వే?”

“నేనే.”

“ఇది వినడానికి మా అమ్మా నాన్నా బతికి ఉంటే ఎంత సంతోషించేవాళ్లు!” అని బావమరిది పగలబడి నవ్వాడు. నవ్వు ఆగాక అడిగాడు. “అక్క కోసమా?”

బాబాయ్ తలూపాడు. బావమరిది మరి ఎగతాళి చేయలేదు.

తర్వాతి విడతలు ఆ పద్ధతిలో సాగాయి. ఎండ వ్యాన్ రేకు మీద పడేది, రేకునుంచి సీసాల్లోకి దిగేది, సీసాలనుంచి గ్యాసులోకి ఎక్కేది, గ్యాసునుంచి పిన్ని ఒడిలో దిగేది. బయట ఎండని నాలుగు చేతులు మార్చి లోపలికి తెచ్చి ఆవిడ ముందు పోసినట్టుండేది. నాణెం వేసినవాళ్లకి మాత్రం కాఫీ అంత వెచ్చటి శీతలపానీయం దొరికేది. వాళ్లు నర్సమ్మ మీద అరిచేవాళ్లు. నర్సమ్మ బాబాయ్‌ని చూపించేది. బాబాయ్ మహా గంభీరంగా “మిషన్‌కి ఒంట్లో బాగోలేదండీ” అనేవాడు. తెర లోపల పిన్ని నవ్వు ఆపుకోలేక దగ్గేది.

ఇంత చక్కగా సాగుతున్నదాన్ని చెడగొట్టింది ఎవరనుకున్నారు? బాబాయే.

ఒక విడత రోజున మబ్బు పట్టింది, తుంపర పడుతోంది. వ్యాన్‌లో సీసాలు కాగలేదు. నింపిన కాసేపటికే చల్లబడిపోయాయి, కంప్రెసర్ ఆగింది. మందు ఇంకా సగం కూడా ఎక్కలేదు. బాబాయ్‌కి కాలూ చెయ్యీ ఆడలేదు. సంచిలోంచి తాళంచెవి తీసి మిషన్ తలుపు బార్లా తెరిచాడు. హాల్లో గాలి లోపలికి పోతే ఆ వేడైనా మోస్తుంది కదా అని. మోసింది కూడా. కంప్రెసర్ గుర్రుమని లేచింది, వెనక వెచ్చగాలి వచ్చింది. బాబాయ్‌కి ప్రాణం లేచివచ్చింది. తలుపు అలాగే ఉంచేశాడు.

వేడితోపాటు లోపలికి ఇంకేం పోతుందో ఊళ్లో ప్రతి సరుకుమనిషికీ నోరు నొప్పెట్టేలా చెప్పినవాడు. ఆ రోజు మాత్రం గుర్తు రాలేదు. వానాకాలపు గాలి, నిండా చెమ్మ. ఆ చెమ్మంతా లోపలి గొట్టాల చుట్ట మీద చేరి మంచైంది. మంచు మీద మంచు పేరుకుని, తెల్లటి దిమ్మలా గొట్టాల్ని మూసేసింది. ఆ దిమ్మ దాటి గాలి గొట్టాలకి చేరదు. గాలి చేరకపోతే గ్యాసు వేడి ఎత్తుకోలేదు. కంప్రెసర్ తిరుగుతూనే ఉంది, ఫ్యాను తిరుగుతూనే ఉంది, వెనకనుంచి వచ్చే గాలి మాత్రం కొంచెం కొంచెంగా చల్లబడిపోయింది. ఆవిరి కావాల్సిన గ్యాసు కాకుండానే వెనక్కి పారి కంప్రెసర్‌లో పడింది. లోపల ఏదో టంగుమని విరిగిన చప్పుడు. తర్వాత హాల్లో ఏసీ హోరు ఒక్కటే మిగిలింది.

బాబాయ్ మోకాళ్ల మీద కూర్చుని మంచుదిమ్మని గోళ్లతో గీరుతున్నాడు. నర్సమ్మ దుప్పట్లు తెచ్చింది.

“ఏమయ్యా, ఇటు రా,” అంది పిన్ని తువ్వాల్లోంచి. గొంతు అప్పటికే బిగుసుకుంటోంది. “చేతులు చల్లబెట్టుకోకు. ఇక్కడ కూర్చో. నన్ను ముట్టుకోకు, ఊరికే కూర్చో.”

“నేనే చెడగొట్టానే. తలుపు…”

“మాట్లాడించకు నన్ను. కూర్చో.”

ఆవిడ కళ్లు మూసుకుని, తన ఊపిరి తనే తువ్వాల్లో దాచుకుని పీలుస్తూ, స్టాండు మీద సంచీ ఖాళీ అయ్యేదాకా కదలకుండా కూర్చుంది. సూది పీకబోలేదు. ఒకసారి మాత్రం కళ్లు తెరిచి మొగుణ్ణి చూసి, మళ్లీ మూసుకుంది. బాబాయ్ ఆ సంచీలో చుక్కలు పడటం చూస్తూ కూర్చున్నాడు. కాచుకోడానికి ఇస్త్రీపెట్టె లేదు కాబట్టి రెండు చేతులూ తన చంకల్లోనే దూర్చుకున్నాడు.

తర్వాత కడుపుకి స్కానింగ్ ఫొటోలు తీశారు. డాక్టరమ్మ ఇద్దర్నీ కూర్చోబెట్టి, ఫొటోని వెలుతురుకి పెట్టి చూపించి, నెమ్మదిగా చెప్పింది. మందు పనిచేయలేదు. జబ్బు కాలేయంలోకి పాకింది. ఇంక ఈ మందు ఎక్కించడం ఆవిడ ఒంటిని ఊరికే కష్టపెట్టడమే. నొప్పి తెలియకుండా మాత్రలు ఇస్తాను, ఇంట్లో ఉండండి.

“ఆ రోజు చలి తగిలిందమ్మా,” అన్నాడు బాబాయ్. “మిషన్ ఆగిపోయింది. దానివల్లనా?”

“కాదు. దానికీ దీనికీ సంబంధమే లేదు.”

“తలుపు నేనే తెరిచాను.”

“బాబాయ్ గారూ, సంబంధం లేదన్నాను కదా.”

బాబాయ్ సరేనన్నాడు. నమ్మలేదు. పిన్ని అతని మోచెయ్యి పట్టుకుని లేపింది. “పద. డాక్టరమ్మకి నీ కంప్రెసర్ కథలు చెప్పకు, అవతల జనమున్నారు,” అంది.

మందు ఆపేశాక ఆవిడ ఒంట్లోంచి అది కొద్దికొద్దిగా దిగిపోయింది. మనిషి చిక్కిపోతోంది, వేళ్లు మాత్రం తేరుకుంటున్నాయి. ఒకరోజు పొద్దున్న బాబాయ్ వంటింట్లోకి వెళ్లేసరికి ఆవిడ స్టీలు గ్లాసుని ఒట్టిచేత్తో పట్టుకుని నిలబడి ఉంది. “చూశావా,” అంది. బాబాయ్ చూశాడు. నెలల తరబడి ఇలాంటి పొద్దు కోసమే కదా కళ్లు కాయలు కాచేలా ఎదురుచూశాడు. ఇప్పుడది వచ్చిందంటే అర్థమేమిటో ఇద్దరికీ తెలుసు. బాబాయ్ పెరట్లోకి పోయి చాలాసేపు మొహం కడుక్కున్నాడు.

మాత్రల కోసం మళ్లీ ఆస్పత్రికి వెళ్లాల్సిన రోజు వచ్చింది. తమ్ముడు వ్యాన్‌లో ముందు సీట్లో అక్కని కూర్చోబెట్టుకుని తెచ్చాడు. చక్రాల కుర్చీలో హాలు దాటుతుంటే పిన్ని “ఆపరా” అంది. మిషన్ ఎదుట ఆపించింది. ఇన్నాళ్లూ దాని వెనక కూర్చున్న మనిషి, దాని మొహం చూడటం అదే మొదలు.

“ఏమయ్యా, నాకొకటి తీసివ్వు. అన్నిటికంటే చల్లటిది చూసి ఇవ్వు.”

“గొంతు పట్టేస్తుందేమోనే.”

“పట్టదు. నీకూ తెలుసుగా, పట్టదని.”

బాబాయ్ తాళంచెవి తీశాడు. ఆ మిషన్‌ని ముందురోజే విప్పి, మంచంతా కరిగించి, విరిగిన కంప్రెసర్ తీసి కొత్తది బిగించి, గ్యాసు ఎక్కించి నడిపించాడు. అట్టడుగు వరసలో, గొట్టాలకి దగ్గరగా ఉన్న సీసా ఎంచి తీశాడు. దాని ఒంటినిండా చెమట పట్టి, తీసిన చోట అతని వేలిముద్రలు పడ్డాయి. మూత తిప్పి ఇచ్చాడు. బావమరిది మొహం అటు తిప్పుకుని అద్దంలో సీసాలు లెక్కపెడుతున్నట్టు నటించాడు.

పిన్ని రెండు చేతులతో పట్టుకుని తాగింది. ఒక గుక్క. గొంతు దిగేదాకా ఆగి, ఇంకో గుక్క. తర్వాత సీసాని చెంపకి ఆనించుకుంది.

“అబ్బ! పళ్లు జివ్వుమన్నాయయ్యా. ఇంత చల్లగానా! నిజంగానే పుట్టిస్తావు నువ్వు,” అంది.

బాబాయ్ కుర్చీ పక్కన నేల మీద కూర్చుని ఆవిడ మోకాలి మీద చెయ్యి వేశాడు. ఆ ఏడు చలికాలం రాకముందే పిన్ని పోయింది. బాబాయ్ ఆ తర్వాత కూడా మిషన్లు బాగుచేస్తూనే ఉన్నాడు. పని గురించి గొప్పలు చెప్పడం మాత్రం మానేశాడు. ఆ లోటు తీర్చడానికే మొదట్లో నేనన్ని చెప్పాల్సి వచ్చింది.

ఇంతా చెప్పాక ఒక్కటి ఒప్పుకోవాలి. సీసా మీద చెమట నేను పెట్టాను. ఆ రోజు కథంతా నాకు చెప్పింది బావమరిది, వాడు పక్కనే ఉన్నాడు. మిషన్‌కి కొత్త కంప్రెసర్ అప్పటికింకా రాలేదట. లోపల సీసాలన్నీ వాడు పొద్దున్న ఎండలోంచి తెచ్చి పెట్టినవేనట, పట్టుకుంటే చేతికి వెచ్చగా ఉన్నాయట. బాబాయ్‌కి ఆ సంగతి తీసేటప్పుడే తెలుసు. ఆవిడకి తాగగానే తెలిసింది. పళ్లు జివ్వుమన్నాయని ఆవిడ అన్నమాట మాత్రం నేను కల్పించింది కాదు.